సిగ్నల్ దగ్గర ఊగే ఇంజిన్

సిగ్నల్ పడింది, బండి ఆపారు. యాక్సిలరేటర్ మీద కాలు లేదు. అయినా ఇంజిన్ ఒకసారి గుర్రుమంటుంది, మరుక్షణం ఆగిపోతుందేమో అన్నట్టు వణుకుతుంది. నిమిషానికి 800, 900 చుట్ల దగ్గర నిలకడగా ఉండాల్సింది మరి! 2000 ప్రాంతం నాటి పెట్రోల్ ఇంజెక్షన్ కార్లున్నవాళ్లకి ఇది తెలిసిన బాధే. కార్బ్యురేటర్ రోజుల్లో స్క్రూ కాస్త తిప్పితే సరిపోయేది. ఇప్పుడా పని కంప్యూటర్‌ది, స్క్రూల జోలికి పోకండి.

బండి పక్కకు ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బానెట్ ఎత్తి చెవి ఒగ్గండి. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ దాటాక ఉండే రబ్బరు గొట్టాలు పాతబడి బీటలిస్తాయి. సన్నగా బుస కొడుతున్నట్టు గాలి పీల్చే చప్పుడు వినిపిస్తుంది. అనుమానమున్న చోట రెండు చుక్కలు నీళ్లు చిలకరించండి. వైర్ల మీద పడనివ్వకండి, చేతులూ చున్నీలూ ఫ్యాన్‌కి దూరం. ఇంజిన్ వేగం మారిందా, దొంగ దొరికినట్టే. థ్రాటిల్‌ని తప్పించుకున్న గాలి అక్కడే చొరబడుతోంది.

గొట్టాలు బాగుంటే థ్రాటిల్ బాడీ చూడాలి. లోపలి బిళ్ల అంచున తారులాంటి మసి పేరుకుంటుంది. ఐడిల్ గాలిని సర్దే వాల్వు కూడా ఆ మసిలోనే ఇరుక్కుంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే గోల చేస్తుంటే కూలెంట్ వేడిని కొలిచే సెన్సార్‌నీ అనుమానించాలి. సెన్సార్లన్నీ మార్చేద్దాం సార్ అనే మెకానిక్‌ని మాత్రం, ముందు గొట్టాలు చూశావా బాబూ అని అడగండి.