చప్పట్లతో ఇంగ్లీషు: మాటల్లో తాళం, రాగం

స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకి వచ్చేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "సార్, గ్రామర్ వచ్చు, పదాలూ వచ్చు. అయినా ఫోన్‌లో అవతలివాళ్ళు మళ్ళీ చెప్పమంటారు. ఎందుకు?"

ఎందుకంటే మనం ఇంగ్లీషుని తెలుగు లెక్కలో మాట్లాడతాం. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా ఉంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. దేన్నైనా మింగితే తెలుగు మాస్టారు ఊరుకుంటారా! ఇంగ్లీషులో అలా కాదు. అర్థం మోసే మాటల మీద దెబ్బ పడుతుంది. మిగతావి మధ్యలో ఉన్న చోటులోనే సర్దుకోవాలి.

చప్పట్లు కొడుతూ నాతో అనండి. "కిడ్స్ డ్రింక్ మిల్క్." మూడు చప్పట్లు. ఇప్పుడు "ద కిడ్స్ ఆర్ డ్రింకింగ్ ద మిల్క్." ఇంకా పెంచుదాం, "ద కిడ్స్ హావ్ బీన్ డ్రింకింగ్ ద మిల్క్." అప్పుడూ మూడే. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది తేలిక. సరళీ స్వరాలు మొదటి కాలంలో దెబ్బకి ఒకటి, రెండో కాలంలో రెండు పాడతాం కదా, తాళం మాత్రం మారదు.

1945లో కెన్నెత్ పైక్ అనే అమెరికన్ భాషావేత్త ఇంగ్లీషు లయ ఇలాంటిదే అని రాశారు. తర్వాత కొలిచి చూసినవాళ్ళకి దెబ్బల మధ్య కాలం అంత సమానంగా ఏమీ కనపడలేదు. కాబట్టి చప్పట్లు నేర్చుకోవడానికి ఊతం మాత్రమే, స్టాప్‌వాచ్ పెట్టుకోనక్కర్లేదు.

ఇది అందం కోసం కాదండీ, అర్థమే తారుమారవుతుంది. "ఐ కెన్ కమ్ ఆన్ మండే" అనేటప్పుడు మనం "కెన్"ని నిండుగా, నొక్కి "క్యాన్" అంటాం. అమెరికన్లు అక్కడ "క్న్" అని తేల్చేసి "కమ్"ని నొక్కుతారు. "కాంట్" అన్నప్పుడే వాళ్ళు నొక్కేది, అందులోనూ చివరి "ట్" చాలాసార్లు సరిగ్గా వినపడదు. అంటే మీరు వస్తానని చెప్పినా, అవతల రాలేనని వినపడొచ్చు. ఇంటర్వ్యూ తేదీ ఖాయం చేసుకునే ఫోన్‌లో ఇలా జరిగితే?

రాగం సంగతి కొంచెం. "సారీ" అని గొంతు దించితే క్షమించమని, పైకెత్తితే మళ్ళీ చెప్పమని. మనకి "వచ్చాడు", "వచ్చాడా" అని మాటే మారుతుంది. వాళ్ళకి చాలాచోట్ల గొంతే ఆ పని చేస్తుంది.

అమెరికన్ యాక్సెంట్ నేర్పిస్తామని వేలకి వేలు తీసుకునే కోర్సులున్నాయి. నన్నడిగితే అవేం వద్దు. మీ గొంతు, మీ యాస మీకే ఉండనివ్వండి. చిన్న మాటల్ని తేల్చడం నేర్చుకోండి, చాలు.

ఈ వారం ఒక పని. మీ రోజు గురించి ఇంగ్లీషులో ఐదు వాక్యాలు ఫోన్‌లో రికార్డు చేయండి. వింటూ, దెబ్బ పడిన మాటల కింద పెన్సిల్‌తో గీత పెట్టండి. "ద", "ఆఫ్", "టు" కింద కూడా గీతలొస్తే అవి తేల్చి మళ్ళీ రికార్డు చేయండి. రెండూ పక్కపక్కన వినండి.