గ్రామసభలో సున్నం బట్టీ ప్లాను కూడా అడుగుదాం



బొర్రా అంటే లోకానికి గుహలు. మనకు మాత్రం 1997 సమతా తీర్పు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన మైనింగ్ లీజులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కొట్లాట రాయి దగ్గర జరిగింది. ఇవాళ నేను ఆ రాయిని కాల్చే బట్టీ గురించి మాట్లాడతాను. ఇంజనీర్ల గొడవ మనకెందుకు అనుకోకండి.

సున్నపురాయి సుమారు 900 డిగ్రీల వేడిలో విడిపోతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. ఏ బట్టీ కట్టినా ఈ లెక్క మారదు. మారేది ఇంధనం, దుమ్ము.

నిలువు బట్టీలో రాయి పైనుంచి దిగుతుంది, వేడి గాలి కిందినుంచి లేస్తుంది. పై భాగంలో రాయి వేడెక్కుతుంది, నడుమ కాలుతుంది, కింద చల్లారుతుంది. సున్నాన్ని చల్లార్చిన గాలే వేడెక్కి మంటకు అందుతుంది. రెండు నిలువు గొట్టాల బట్టీలో ఒకదాని పొగ రెండోదాంట్లో రాయిని వేడి చేస్తుంది, కాసేపటికి వంతు మారుతుంది. ఇంధనం బాగా ఆదా. గోడలు సరిగా లేని పాత బట్టీలో వేడి వృథా. అక్కడ కట్టెలు వాడితే ఆ నష్టం అడవిదే.

ఇంకో సంగతి. నిలువు బట్టీకి రాళ్లు ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి. పొడి, చిన్న ముక్కలు పడితే గాలి ఆడదు. అందుకే వాటిని జల్లించి తీసేస్తారు. ఆ పొడి ఎక్కడ పోస్తారు? మన గెడ్డలోనా, మన పొలం గట్టు మీదా?

చట్టం సంగతి కూడా వినండి. ఇళ్లు కట్టే సున్నం కోసం బట్టీలో కాల్చే సున్నపురాయి 2025 దాకా చిన్నతరహా ఖనిజం. సిమెంటుకు పోతే అదే రాయి అప్పుడు కూడా పెద్ద ఖనిజమే. చిన్నతరహా ఖనిజం లీజుకు 1996 పెసా చట్టం ప్రకారం గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి. అంటే అప్పట్లో రాయి ఏ బట్టీకి పోతుందో తెలిస్తేనే మన హక్కు ఎంతో తెలిసేది.

అందుకే సంతకం పెట్టే ముందు నాలుగు అడగండి. రాయి దేనికి? ఇంధనం ఏంటి? పొడి ఎక్కడికి? దుమ్ము పట్టే ఏర్పాటు ఎక్కడ? జవాబులు రాతపూర్వకంగా తీసుకుని తీర్మానం పుస్తకంలో ఎక్కించండి. చదువుకున్న మనం ఆ ప్లాను మన పెద్దలకు మన భాషలో విప్పి చెబుదాం.

జై ఆదివాసీ!