బెంచీ మిత్రుడికి ఒక బాకీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదరంగం గురించి మాట్లాడమన్నారు. ఈ బడిలో నాకు చదరంగం నేర్పింది నా బెంచీ మిత్రుడే. మధ్యాహ్నం గంట కొట్టగానే గళ్ల అట్ట పరిచేవాళ్లం. మార్చి వచ్చిందంటే ఓడినవాడు ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్కలు పెట్టాలి. ఎప్పుడూ పెట్టేది నేనే.

2020లో కరోనాకు అందరం ఇళ్లల్లో ఉండిపోయినప్పుడు వాడే ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆన్‌లైన్‌లో ఆడదాం రారా" అన్నాడు. వాడు ఇక్కడ తోటలో, నేను హైదరాబాదులో. వరసగా ఎనిమిది ఆటలు ఓడాను. తొమ్మిదో ఆటకు పక్కన కంప్యూటర్లో చదరంగం ఇంజన్ తెరిచి, అది చెప్పిన ఎత్తులే వేశాను. గెలిచాను. "ఆ గుర్రం ఎత్తు ఎలా తట్టిందిరా నీకు!" అని వాడు మురిసిపోయాడు. ఆ తర్వాత ప్రతి ఆటా అలాగే ఆడాను.

ఒకరోజు ఆ సైట్ వాళ్లు నా ఖాతా మూసేశారు. మన ఎత్తులను ఇంజన్ ఎత్తులతో పోల్చి చూస్తారు. తేలిక ఎత్తుకూ చిక్కు ఎత్తుకూ ఒకే సమయం పడుతుంటే అనుమానిస్తారు. వాడితో మాత్రం "నెట్ సరిగా లేదురా" అని అబద్ధమాడి, ఆటే మానేశాను.

1997లోనే డీప్ బ్లూ అనే కంప్యూటర్ కాస్పరోవ్‌ను ఓడించింది. ఇప్పుడు జేబులో ఫోన్ కూడా ప్రపంచ విజేతను ఓడించగలదు. అందుకే మంచి ఎత్తు దొరకడం గొప్ప కాదు, మనం ఆలోచించి వేయడమే ఆట. 2021 జూన్‌లో కరోనా సాయం కోసం విశ్వనాథన్ ఆనంద్ ఆన్‌లైన్‌లో ఆడితే, ఒక యువ వ్యాపారవేత్త ఆయన మీద గెలిచాడు. మర్నాడే కంప్యూటర్ సాయం తీసుకున్నానని ఒప్పుకున్నాడు. ఒక్క రోజులో ఒప్పుకున్నాడు, నాకు ఇన్నేళ్లు పట్టింది.

అదే 2020 ఆగస్టులో మన పక్కనే గుడివాడలో పుట్టిన కోనేరు హంపి ఆన్‌లైన్ ఒలింపియాడ్ సెమీఫైనల్లో పోలండ్ మీద తేల్చే ఆట గెలిచింది. ఫైనల్లో కనెక్షన్ పోయి మనవాళ్లు ఇద్దరు టైం అయిపోయి ఓడిపోయారు. మనవాళ్లు ఫిర్యాదు చేశారు. చివరికి భారత్, రష్యా రెండింటికీ స్వర్ణం ఇచ్చారు. ఆన్‌లైన్‌లో అయినా న్యాయంగా ఆడొచ్చు, న్యాయం అడగొచ్చు.

కార్బైడ్ పెట్టిన కాయ సంగతి నూజివీడు వాళ్లకు నేను చెప్పాలా? పైకి పసుపుగా మెరుస్తుంది, కోస్తే టెంక దగ్గర పులుపు. గడ్డిలో మగ్గిన రసం వాసన దానికి రాదు. నా గెలుపులూ అలాంటివే.

పిల్లలూ, ఓడిపోవడానికి సిగ్గుపడకండి. పెద్దలారా, గెలిచిన ప్రతి పిల్లాణ్నీ దొంగ అని అనుమానించకండి. రుజువు లేని నింద కూడా అన్యాయమే.

నా మిత్రుడు మూడో వరసలో కూర్చున్నాడు. ఈ సంగతి వాడికి ఇప్పుడే తెలుస్తోంది. ఒరేయ్, తప్పు నాదే. సంచిలో గళ్ల అట్ట తెచ్చాను. భోజనాలయ్యాక ఆడదాం రా. పచ్చిమామిడి ముక్కలు కూడా తెచ్చాను, ఎలాగూ ఓడేది నేనే.

సెలవు.