పాత చీరకు కొత్త పని



ఈనాటి మన విషయం విత్తనం గాదు, ఎరువూ గాదు. మీ ఇంటి అటక మీద మూటగట్టి పడేసిన పాత బట్టలు, గోనెలు, ఖాళీ డబ్బాలు. వాటితో ఏమేమి చేసుకోవచ్చునో, వేటిని మాత్రం ఇంట్లోకి రానీయకూడదో చెప్పుకుందాం. రానీయకూడనివి కూడా ఉంటాయా అంటారేమో! ఉంటాయి. ఆ మాట చివర చెబుతాను, అందాకా వినండి.

మొన్న నరసన్నపేట దగ్గర ఒక పల్లెకు వెళ్ళాను. వంశధార కాలువ కింద వరి కోతలు, నూర్పులు అయిపోయినవి. పెసర, మినుము ఇంకా ఏరుబడికి రాలేదు. అంటే ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట కాస్త తెరిపి దొరికే రోజులన్నమాట. పాత బట్టలకు ప్లాస్టిక్ సామాన్లు ఇచ్చే అతను వీధిలో బండి ఆపాడు. ఒకావిడ మూడు చీరలు, ఒక పంచె ఇచ్చి చిన్న బకెట్టు పుచ్చుకున్నది. చీరలు మూడూ నూలువే. రంగు వెలిసినవి గాని నేత చెడలేదు. అరుగు మీద కూర్చున్న అత్తగారు నాతో అన్నది గదా: "ఏటమ్మా, మా కాలంలో సీర సిరిగితే బొంతకి, బొంత సిరిగితే కాళ్ళ పట్టాకి ఎల్లేది. ఇప్పుడు బకీటుకి ఎల్తంది." కోడలు నవ్వేసి, "నువ్వు కుట్టియ్యత్తా, నానొద్దన్నానా?" అన్నది. ముసలమ్మకు చూపు ఆనదు. కోడలికి కుట్టడం రాదు. అసలు చిక్కు అక్కడ ఉన్నది. బట్ట లేక గాదు, ఆ పని ఒక చేతినుండి ఇంకొక చేతికి అందక.

కాబట్టి ముందు బొంత సంగతే చెబుతాను.

మొదట బట్టను ఏరుకోవాలి. నూలు చీరో, నైలాన్, పాలియెస్టర్ చీరో చూపుకు తెలియకపోతే అంచున ఒక పోగు లాగి, గిన్నెలో పెట్టి నిప్పు అంటించి చూడండి. నూలు పోగు కాగితంలాగ కాలి బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలాగ ముద్ద కడుతుంది. బొంతకు నూలుదే కావాలి. అది చెమట పీల్చుకుంటుంది, మెత్తగా ఉంటుంది. పసిబిడ్డల కింద వేసేదానిలోను, పొయ్యి దగ్గర మసిగుడ్డలోను పాలియెస్టర్ ముక్క ఒక్కటి కూడా కలపవద్దు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

చీర పొడవు సుమారు 18 అడుగులు. దానిని మూడు సమ ముక్కలు చేస్తే ఒక్కొక్కటి ఆరడుగులు. రెండు చీరలకు ఆరు పొరలు. ఒక మనిషికి సరిపడే బొంత అక్కడికి తయారు. పైకీ కిందకీ చిరుగు లేని ముక్కలు పెట్టి, చిరిగినవి, పంచె ముక్కలు లోపలకు వేయండి. కుట్టబోయే ముందు బట్టలన్నీ చాకలి సోడా వేసి మరిగించి, ఎండలో బాగా ఆరనివ్వాలి. ఈ పని చేయనివాళ్ళు తరువాత విచారిస్తారు. ఉడకని పాత బట్ట మొదటి ఉతుకులో ముడుచుకుపోయి బొంత అంతా గుబ్బలు కడుతుంది. జరీ అంచు ఉంటే విప్పేయండి, ఒంటికి గీరుకుంటుంది.

అలికి ఆరిన నేల మీదనో, చాప మీదనో పొరలన్నీ పరచి నాలుగు మూలలా బరువులు పెట్టండి. పొర పొరకూ అరచేత్తో ముడతలు సాపు చేయాలి. ముందు జానెడు ఎడంగా పొడుగు టాకాలు వేయండి. ఇవి తరువాత విప్పేసేవే. నడిమి నుండి అంచులకు వేసుకుంటూ పోవాలి గాని, అంచుల నుండి నడిమికి వచ్చారంటే ముడత అంతా మధ్యకు చేరుతుంది. అటు తరువాత అసలు కుట్టు. రెండు పేటలు పురిపెట్టిన నూలు దారం, పెద్ద సూది, బొటనవేలి వెడల్పు ఎడంగా వరుసలు. కుట్టు చిన్నది కానక్కరలేదు, ఒకే తీరుగా ఉంటే చాలు. దారాన్ని బిగించి లాగవద్దు. రోజుకు ఒక గంట కుట్టినా పెసర ఏరే నాటికి ఒక బొంత ముగుస్తుంది.

ఇది మనకొక్కరికే తెలిసిన విద్య గాదు. బెంగాలులో దీనినే కాంథా అంటారు. అక్కడ పాత చీర అంచునుండి లాగిన రంగు పోగులతోనే పూలు, చేపలు కుట్టడం అలవాటు. ఉత్తర కర్ణాటకలో కౌది అంటారు. ఆ మాటకు వస్తే పనికిరాదనుకున్న దానిని పనిముట్టు చేసుకోవడం మన జిల్లాకు కొత్తా? పొందూరులో సన్న ఖద్దరు కోసం పత్తిని శుభ్రపరచేది వాలుగ చేప దవడ ఎముకతో. చేపను తిని పారేసే ఎముక అది. దాని సన్నని పళ్ళే దూదిని దువ్వుతాయి.

ఇక పాలియెస్టర్ చీరలు. ఇప్పుడు ఇళ్ళల్లో ఎక్కువ ఇవే. రెండంగుళాల వెడల్పు పీలికలు చింపి, మూడు పాయలు జడ అల్లి, ఆ జడను చుట్టలాగ నేల మీద తిప్పుకుంటూ దబ్బనంతో కుడితే కాళ్ళ పట్టా. ఒక చీరకు మూరెడు అడ్డం గలవి రెండైనా వస్తాయి. చుట్టేటప్పుడు జడను బిగించి లాగితే పట్టా చదునుగా ఉండక గిన్నెలాగ పైకి లేస్తుంది. కొత్తవారు ఇది చూసి చెడిపోయిందనుకుని విప్పేస్తారు. విప్పకండి, అలాగే పైకి కుట్టుకుంటూ పొండి, ఉల్లిపాయలు వేసుకునే బుట్ట అవుతుంది.

పాలియెస్టర్ చీరకు ఇంకొక పని మీకు తెలిసినదే: అడవి పంది రాకుండా చేను చుట్టూ కట్టడం. మంచిదే. వానకు, ఎండకు నూలు చీర చివికిపోతుంది గనుక అక్కడికి పాలియెస్టరే తగును. రైతు సోదరులకు ఒక మనవి. ఇంట్లో అడగకుండా చేతికందిన చీరలు పట్టుకుపోకండి, బొంతకు దాచుకున్న నూలు చీర కర్రకు వేలాడితే ఇంట్లో మీరే సమాధానం చెప్పుకోవాలి! పంట ఇంటికి వచ్చాక ఆ చీరలు విప్పి తెచ్చేయండి. గట్టున వదిలేస్తే పీలికలై పశువుల నోట పడతాయి. పశువు పొట్టలో పడిన గుడ్డ, ప్లాస్టిక్ అరగవు, లోపలే ముద్ద కడతాయి.

గోనె సంచి దులిపి, ఉతికి, దబ్బనంతో అంచు మడిచి కుట్టి, గోగునార పిడి పెట్టుకుంటే బజారు సంచి. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకు తక్కువ మందం గల ప్లాస్టిక్ సంచులను దేశమంతటా నిషేధించారు. చట్టం వచ్చినా రాకపోయినా, బియ్యం పది కిలోలు మోసేది గోనె సంచే గదా. యూరియా సంచులు మూడు తడవలు కడిగి, విప్పి, జోడించి కుడితే గడ్డివాము మీద కప్పడానికి, గొడ్లసావిడి పక్క కట్టడానికి పరదా అవుతుంది. వాటిలో తిండిగింజలు పోయవద్దు. కడిగిన నీళ్ళు చెరువులోకి వదలవద్దు.

అమ్మకం మాట అడుగుతారు. దాపరికం లేకుండా చెబుతాను. ఒక బొంతకు పట్టే గంటలకు కూలి కట్టి చూస్తే, పల్లెలో ఆ ధర ఎవరూ ఇవ్వరు. మొదటి బొంత ఇంటికి, రెండవది ఆడబిడ్డ పురిటికి అనుకొని మొదలుపెట్టండి. చేయి తిరిగి, కుట్టు ఒకే తీరున వచ్చిన తరువాత మహిళా సంఘం తరఫున పట్నంలో చూపవచ్చును. గ్రామ కార్యకర్తలకు ఒక సలహా: దీనికి శిక్షకురాలిని బయటినుండి పిలవనక్కరలేదు. చూపు ఆనకపోయినా చెప్పగలిగిన ముసలమ్మ ప్రతి వీధిలోనూ ఒకరైనా ఉంటారు. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, సూది కోడళ్ళ చేతికి ఇవ్వండి.

ఇప్పుడు చివర చెబుతానన్న మాట. పురుగుమందు డబ్బా, సీసా ఎంత గట్టివైనా, ఎంత అందంగా ఉన్నా ఇంట్లోకి రాకూడదు. పూలకుండీకి గాని, కిరోసిన్‌కు గాని, పిల్లల బొమ్మకు గాని వద్దు. కడిగితే పోతుందనుకోవద్దు. 2013 జూలై 16న బీహారులో సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలింది. అది మన చేలల్లోనూ ఎరిగిన పేరే.

1971 నాటి పురుగుమందుల నిబంధనలలోనే, ఖాళీ డబ్బాలు మళ్ళీ వాడకుండా పగలగొట్టి, నివాసాలకు దూరంగా పాతిపెట్టాలని ఉన్నది. మందు కలిపే వేళనే డబ్బాను మూడు తడవలు కడిగి, ఆ నీళ్ళు పిచికారీ ట్యాంకులోనే పోయండి. డబ్బా అడుగున మేకుతో నాలుగు చిల్లులు పొడవండి. చిల్లుపడ్డ డబ్బాను ఎవరూ ఇంటికి పట్టుకుపోరు. బావికి, కాలువకు దూరంగా లోతు గొయ్యి తీసి పూడ్చండి. మీ ఇంట్లో ఇదివరకే అలాంటి డబ్బాలో ఉప్పో, పప్పో, నూనో పోసి ఉంటే, అందులో ఉన్నదానితో సహా ఈరోజే తీసివేయండి.