మబ్బు కబురు, 5 రోజుల ముందే

మిర్యాలగూడ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరే రోజుల్లో రైతు చూపు రెండింటి మీదే. ఒకటి కాంటా, రెండోది మబ్బు. కాంటా లెక్క మిల్లులో తేలుతుంది. మరి మబ్బు లెక్క?

అది వాతావరణ శాఖ చెబుతుంది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, రైతులకు సలహా విడుదలవుతుంది. వచ్చే 5 రోజుల వాన, ఎండ, గాలి వివరాలు అందులో ఉంటాయి. ఏ పైరుకు ఏం చేయాలో కూడా ఉంటుంది. ‘మేఘదూత్’ యాప్‌లో తెలుగులోనే చూడొచ్చు.

హెచ్చరికలకు రంగులున్నాయి. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండాలి. నారింజ అంటే సిద్ధం కావాలి. ఎరుపు అంటే ఇక ఆగకూడదు.

ఎందుకు ఆగకూడదంటే, 2024 సెప్టెంబర్ మొదటి రోజును సూర్యాపేట జిల్లా మరిచిపోలేదు. రాత్రంతా కుండపోత. కోదాడలో వరదకు కార్లు కొట్టుకుపోయాయి. నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. పొలాలన్నీ నీళ్లే.

అందుకే పసుపు రంగు కనబడగానే కల్లం దగ్గరికి పట్టాలు చేరాలి. వాన ఉందంటే మందు కొట్టడం, యూరియా చల్లడం ఆపుకోవాలి. లేకపోతే డబ్బులు వాన నీళ్లలో పోసినట్టే. ఉరుము వినిపిస్తే చెట్టు కిందికి కాదు, ఇంట్లోకి వెళ్లాలి. పొంగే వాగును బండితో దాటకూడదు.

మళ్లీ ఒకసారి: సలహా వచ్చేది మంగళవారం, శుక్రవారం. పసుపుకు కనిపెట్టడం, నారింజకు సిద్ధపడటం, ఎరుపుకు కదలడం.