సబ్సిడీ కోసం కాదు, సరుకు కోసం అప్పు చేయండి

(సంత్ సేవాలాల్ జయంతి సందర్భంగా మిర్యాలగూడలో గిరిజన యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



భోగ్ అయింది, ఆటపాటలు అయినయి. పండుగ పూట ఈయన అప్పుల ముచ్చట ఎందుకు తెచ్చాడని అనుకోవద్దు. మన సంస్కృతికి పుట్టుక వ్యాపారంలోనే ఉంది. మన తాతముత్తాతలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగారు. దాన్నే లదేణి అన్నాం. ఊళ్లకు, సైన్యాలకు తిండి గింజలు మోసిన జాతి మనది. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. ఎక్కడి బిడారు అక్కడ ఆగి తండా అయింది. తిండి గింజల వ్యాపారులం కాస్తా కూలీలం, చిన్న రైతులం అయ్యాం.

1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతో మిర్యాలగూడ చుట్టూ వరి పెరిగింది, వరితో పాటు రైస్ మిల్లులు పెరిగాయి. ఈ రోజు కోతల కాలంలో మిల్లుల ముందు ట్రాక్టర్లు ఎంత దూరం నిలబడతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ ట్రాక్టర్ మీద కూర్చున్న వాళ్లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. మిల్లు లోపల బస్తాలు మోసే వాళ్లలోనూ ఉన్నారు. మరి ఆ బియ్యాన్ని, పిండిని, కారాన్ని ప్యాకెట్ చేసి అమ్మే వాళ్లలో మనం ఎంతమందిమి? ఈ ప్రశ్న అడగడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

మా ఇంటి సంగతి చెబుతాను. మా బాపు ప్రతి సంవత్సరం నాట్లకు ముందు ఒక అడ్తి సేటు దగ్గర అప్పు తెచ్చేవాడు. మూడు రూపాయల వడ్డీ. వినడానికి చిన్నగానే ఉంటుంది. లెక్క వేయండి. లక్షకు నెలకు 3,000, ఏడాదికి 36,000. పైగా వడ్లు ఆయనకే పోయాలి. పచ్చి వడ్లు ఆరబెట్టుకుని మంచి ధర కోసం నాలుగు రోజులు ఆగుదామంటే వీల్లేదు. అప్పిచ్చినవాడే ధర చెప్పేవాడు, వాడే కాంటా వేసేవాడు. మా బాపు ఓడింది పంటలో కాదు, అప్పు తెచ్చిన చోట.

అదే లక్షకు కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణం తీసుకుంటే వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం తగ్గుతుంది. 3 లక్షల వరకు ఈ లెక్క వర్తిస్తుంది. అంటే సకాలంలో కట్టినవాడికి ఏడాదికి లక్షకు 4,000. ముప్పై ఆరు వేలకూ నాలుగు వేలకూ మధ్య ఉన్న ముప్పై రెండు వేలు ఒక పిల్ల ఇంటర్ చదువు. 2025 జనవరి 1 నుంచి రిజర్వ్ బ్యాంకు 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తనఖా అడగొద్దని కూడా చెప్పింది. భూమి లేని కౌలు రైతులు 4 నుంచి 10 మంది కలిసి ఉమ్మడి బాధ్యత సంఘంగా ఏర్పడితే, ఒకరికొకరు పూచీగా బ్యాంకు రుణం అడగొచ్చు. నాబార్డు ప్రోత్సహించే పద్ధతే ఇది.

ఇక నా తప్పు కూడా చెప్పాలి. మా బాపు అప్పు చూసి బుద్ధి తెచ్చుకోవాల్సిన నేను ఇంకో గోతిలో పడ్డాను. గిరిజన యువతకు సబ్సిడీ రుణం వస్తుందని తెలిసింది. ఏ వ్యాపారం పెడతావని అడిగితే, జాబితాలో పిండిగిర్ని ఉంటే అదే రాశాను. మిషన్ ఏది కొనాలో డీలర్ చెప్పాడు, కొటేషన్ కూడా ఆయనే రాసిచ్చాడు. బజారు ధర ఎంతో నేను విచారించలేదు. తండాలో గిర్ని పెట్టాక తెలిసింది, అరవై గడపల తండాలో రోజూ జొన్నలు పట్టించుకునే ఇళ్లు పది లేవు. అందరూ అన్నమే తింటున్నారు. పక్క ఊళ్లో అప్పటికే ఒక గిర్ని ఉంది.

ఆరు నెలల్లో వాయిదాలు ఆగాయి. ఖాతా మొండి బకాయిల్లో పడింది. సబ్సిడీ వచ్చింది కదా, మిగతాది ప్రభుత్వం ఎప్పుడో మాఫీ చేస్తుందిలే అని పక్కవాళ్లు చెప్పారు. నేనూ నమ్మాను. మాఫీ రాలేదు. తర్వాత పంట రుణానికి బ్యాంకుకు వెళ్తే పాత బాకీ చూపించి వెనక్కి పంపారు. మళ్లీ అదే అడ్తి సేటు గడప తొక్కాను. మా బాపు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ గిర్నిని బాగు చేసింది నా భార్య. ఆమె మహిళా సంఘంలో సభ్యురాలు. సంఘం నుంచి 20,000 తీసుకుంది. ముందు ఏం చేసిందో గమనించండి. మిర్యాలగూడ టౌన్‌లో సాయంత్రం పూట రోడ్డు పక్కన జొన్న రొట్టెలు చేసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లింది. పిండి ఎక్కడ కొంటున్నారు, కిలో ఎంత, రోజుకు ఎన్ని కిలోలు పోతాయని అడిగింది. ఐదుగురు మాట ఇచ్చాక జొన్నలు కొన్నది. మూడేళ్లు దుమ్ము పట్టిన గిర్ని మళ్లీ తిరిగింది. గిరాకీ తండాలో లేదు, టౌన్‌లో ఉంది. నేను మిషన్ కొని గిరాకీ కోసం చూశాను. ఆమె గిరాకీ చూసి మిషన్ తిప్పింది. సంఘం అప్పు తీర్చాక వచ్చిన లాభంలోంచే నా బ్యాంకు బాకీ కొద్దికొద్దిగా కట్టేశాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇప్పుడు ఉన్న పథకాల్లో కొన్నింటిని ఈ కళ్లతో చూద్దాం.

చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో ఒక పథకం తెచ్చింది. పీఎంఎఫ్‌ఎంఈ అంటారు. పిండి, కారం, పచ్చళ్లు, చిరుతిళ్ల వంటివి తయారుచేసే యూనిట్‌కు అయ్యే ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు రాయితీ. 3 లక్షల యూనిట్ అనుకోండి. కనీసం 10 శాతం, అంటే 30,000 మన చేతి నుంచి పెట్టాలి. మిగతాది బ్యాంకు రుణం. రాయితీ 1,05,000. అయితే అది మన చేతికి వచ్చే డబ్బు కాదు. బ్యాంకులోనే ఉంటుంది. రుణం చివరి విడత ఇచ్చాక మూడేళ్లపాటు వాయిదాలు సరిగా కట్టి, యూనిట్ నడుస్తూ ఉంటేనే మన లెక్కలో జమ అవుతుంది. మధ్యలో చేతులెత్తేసినవాడికి సబ్సిడీ ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది.

అదే పథకంలో ఆహార ఉత్పత్తులు చేసే మహిళా సంఘాల సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 వరకు మూలనిధి ఉంది. ఆ డబ్బు సంఘాల సమాఖ్యకు గ్రాంటుగా వస్తుంది, సభ్యురాలికి మాత్రం అప్పుగా అందుతుంది. ఆమె తిరిగి కడితేనే ఇంకో చెల్లెకు అందుతుంది. ఇది ఊరికే వచ్చిన డబ్బని ఒకామె ఎగ్గొడితే దెబ్బ తగిలేది ప్రభుత్వానికి కాదు, పక్కింటి ఆడబిడ్డకు.

ముద్ర రుణంలో శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు తనఖా లేకుండా ఇస్తారు. పేర్లలోనే పద్ధతి ఉంది. పసిబిడ్డ నడక నేర్చాకే పరుగెత్తుతుంది. పట్టణ వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన స్వనిధి పథకం కూడా మెట్ల మాదిరే పెట్టారు. మొదట 15,000, అది తీర్చినవాడికి 25,000, అదీ తీర్చినవాడికి 50,000. రొట్టెల బండి పెట్టిన యాడికి ఇది సరిపోయే దారి.

మనది షెడ్యూల్డ్ ఏరియా కాదు, మైదాన ప్రాంతం. కాబట్టి ఐటీడీఏ కోసం చూడకుండా జిల్లా గిరిజన సంక్షేమ కార్యాలయానికి వెళ్లి ట్రైకార్ పథకాల సంగతి అడగండి. 1976 చట్టంతో తెలంగాణలో మనకు వచ్చిన ఎస్టీ గుర్తింపు చదువుకూ ఉద్యోగానికే కాదు, ఇలాంటి సాయానికీ ఆధారం. కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఒక కవర్‌లో సిద్ధంగా పెట్టుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. దానికి వేలు అడిగేవాడికి దండం పెట్టి బయటికి రండి. తినే సరుకు అమ్మేవాళ్లు ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తప్పకుండా చేయించుకోండి.

దరఖాస్తు మీద సంతకం పెట్టే ముందు నోట్‌బుక్‌లో నాలుగు జవాబులు రాయండి. నా సరుకు కొనేవాళ్లు ఎవరు? ఖర్చులన్నీ పోను నెలకు ఎంత మిగులుతుంది? అందులోంచి వాయిదా కట్టాక ఇంటికి ఏమైనా ఉంటుందా? సబ్సిడీ రాకపోయినా ఈ వ్యాపారం పెడతానా? నాలుగో ప్రశ్నకు ‘పెట్టను’ అని జవాబు వస్తే ఆ కాగితం చించేయండి. ఇరవై కిలోల పిండి పట్టించి, ప్యాకెట్లు చేసి, అమ్మి చూసి, అప్పుడు మళ్లీ రాయండి.

పెద్దలను కూడా ఒకటి కోరుతున్నాను. తండాలో తగాదా వస్తే నాయక్ ముందు కూర్చుంటాం. అలాగే నెలకు ఒక ఆదివారం చదువుకున్న పిల్లలు కూర్చుని తండావాళ్ల బ్యాంకు కాగితాలు చదివి పెట్టాలి. వడ్డీ ఎంత, వాయిదా ఎప్పుడు, జామీను ఎవరు అన్నది మన భాషలో చెప్పాలి. ఈ సంఘం ఆ పని మొదలుపెడితే మొదటి ఆదివారం నేను వస్తాను. నా పాత బాకీ నోటీసులు కూడా తెస్తాను. కొత్తగా దరఖాస్తు పెట్టేవాళ్లు ముందు వాటిని చదవాలి.

మన తాతలు ఎద్దు మీద ఎంత బరువు వేయాలో తెలిసినవాళ్లు. ఎక్కువ వేస్తే ఎద్దు దారిలో కూలుతుంది, తక్కువ వేస్తే లదేణి గిట్టదు. మీ అప్పు కూడా అట్లనే తూచి ఎత్తండి.

జై సేవాలాల్.