పుస్తకము పట్టిన ఆడుబిడ్డ



కృష్ణా డెల్టాలో ఆడపిల్ల ఎదిగినదన్న సంతోషమును మనవారు ఓణీల వేడుకగా జరుపుకొందురు. మేనమామ పట్టుబట్టలు పెట్టును, పేరంటాండ్రు అక్షతలు చల్లుదురు, బంధువులందఱు బంతిని కూర్చుండి భోజనములు చేయుదురు. ఆ వేడుకను నేను కాదనను. మా యింటను జరిగినది. అయితే, బిడ్డ బుద్ధి వికసించుటయు అంతే ఘనముగా పండుగ చేసికొనదగిన విషయమనియు, ఆ వికాసమునకు పుస్తకమును మించిన తోడు దొరకుట దుర్లభమనియు, ఒక ఆడపిల్ల తండ్రిగా నేడు మీకు మనవి చేయవచ్చితిని.

మా అమ్మాయి ఎదుగుదలను నేను ఆమె చదివిన పుస్తకములనుబట్టి గుర్తించుచు వచ్చితిని. ఎనిమిదేండ్ల వయస్సున ముళ్ళపూడి వెంకటరమణగారి ‘బుడుగు’ చదువుచు, నవ్వాపుకొనలేక, పుటలో వ్రేలుంచుకొని వంటింటిలోని తల్లికి వినిపింప పరుగెత్తెడిది. తరువాత మొక్కపాటివారి ‘బారిష్టరు పార్వతీశం’ వచ్చినది. మొగలితుర్రు కుఱ్ఱవాడు సీమకు పోయిన త్రోవ నంతయు అట్లాసు విప్పి వ్రేలితో వెదకినది. పదునాలుగవ యేట, బెజవాడ లెనిన్ సెంటరులోని పాతపుస్తకముల దుకాణములో, అట్ట చినిగి, మొదటి పుటమీద ఎవరికో పెండ్లికానుకయని వ్రాసియున్న ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని తానే ఏరుకొని తెచ్చుకొనెను. 1922లో వెలువడి, దొరతనమువారి నిషేధమునకు గురియైన ఆ నవలను విడువక చదివి, ఒకనాటి రాత్రి కంచము ముందు కూర్చుండి, “నాన్నా, అమ్మమ్మగారి ఊళ్ళో పేట కాలవకి అవతలే ఎందుకుంది?” అని అడిగినది. నాకు తెలిసినంత చరిత్ర చెప్పితిని. “అది సరే నాన్నా, ఇప్పటికీ ఎందుకుంది?” అన్నది. అన్నము చల్లారిపోవుచున్నను మేమిద్దఱము లేవలేదు. పుట్టిన ఊరిని అంత సూటిగా చూడగల దృష్టి బిడ్డకు వచ్చినందుకు ఆ రాత్రి నాకు కలిగిన ఆనందము ఏ వేడుకలోను కలుగలేదు.

ఇంటిలో ఒక్కరు అండగా నిలిచిన చాలును, ఆడపిల్ల చదువు ఎంతదూరమైన పోగలదనుటకు నిదర్శనము కృష్ణామండలముననే కలదు. 1874లో జన్మించిన భండారు అచ్చమాంబగారు బడిమొగ మెఱుగరు, బాల్యముననే వివాహమైనది. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా, ఆయన తోడ్పాటుతో ఇంటనే చదువ నేర్చి, చరిత్ర ప్రసిద్ధలైన స్త్రీల జీవితములను ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’యను గ్రంథముగా రచించిరి; 1902లో బందరునందు స్త్రీసమాజ స్థాపనకు పూనుకొనిరి; 1905లో, ముప్పదియేండ్లు దాటీ దాటకమునుపే, కన్నుమూసిరి. ఆ తమ్ముడే తరువాత ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు ఆద్యుడైనవాడు. అక్కకు అక్షరములు చెప్పిన దినములను ఆయన చేసిన ఘనకార్యములలో మొదటిదిగా నేను లెక్కింతును.

పుస్తకములు దొరకవన్న మాట మన ప్రాంతమున చెల్లదు. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయమున, అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పేర్చి, డెల్టా కాలువలమీద గ్రంథాలయమును నడిపించిరి. గట్టున నిలిచిన పల్లెవాసులకు రేవులోనే పుస్తకము అందినది. నేడు బెజవాడ ఏలూరు రోడ్డున పుస్తకశాలలున్నవి. ఏటేట జనవరిలో బెజవాడ పుస్తక మహోత్సవము జరుగును.

దొరకనిది తీరిక. పదవ తరగతి ముగిసినదో లేదో, ఎంపీసీయనియు బైపీసీయనియు పిల్లను హాస్టలులో చేర్చుదుము. తెల్లవారకమునుపే మొదలై రాత్రి పొద్దుపోవువఱకు స్టడీ అవర్లు సాగును. పెట్టెలో కథలపుస్తకము కనబడినచో తీసి దాచు చోట్లును కలవు. ప్రశ్నలు మొలకెత్తు ఆ రెండేండ్లనే మనము ర్యాంకునకు అర్పించుచున్నాము. పోటీపరీక్షలు వలదని చెప్పను. నా బిడ్డయు వ్రాయవలసినదే. కాని ఔటింగుకు ఇంటికి వచ్చిన ఆదివారమునాడైనను మార్కుల ప్రస్తావన మాని, ఆమె చేతికి ఒక నవల నిచ్చి, ఆ పూటకు ఆమెను విడిచిపెట్టుడు. చదివినదానిలో నీతి యేమని పరీక్షింపవలదు. ఆ పుస్తకమును మీరును చదువుడు. ఆమెయే మాట కదుపును. వయస్సుకు మించినదను భయముతో చేతిలోని పుస్తకమును లాగికొనవలదు. అర్థముకాని పుటలను పిల్లలు తామే దాటిపోవుదురు, అర్థమైనవానిని గూర్చి మనల నడుగుదురు. అడిగినప్పుడు విసుగుకొనకుండుట మన వంతు.

ఆడపిల్లలుగల తల్లిదండ్రులారా, ఈ వారములోనే అమ్మాయిని వెంటబెట్టుకొని మీకు దగ్గరనున్న శాఖాగ్రంథాలయమునకు వెళ్ళుడు. సభ్యత్వపు దరఖాస్తుమీద సంతకము ఆమెచేతనే చేయింపుడు. బీరువా ముందు ఆమె యెంతసేపు నిలిచినను తొందరపెట్టక, తీసికొనవలసిన పుస్తకమును ఆమెనే ఎన్నుకొననిండు.